పంచ్ పడిన నిమిషాన్ని దిద్దకండి: పేరోల్ విభాగాలకు, హాజరు సాఫ్ట్‌వేర్ రాసేవారికి బహిరంగ లేఖ

పేరోల్ చూసేవారికి, హాజరు సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారికి, అందులో రూల్స్ పెట్టించే హెచ్‌ఆర్ అధికారులకు,

నమస్కారం.

టైమ్‌షీట్లు, ఓటీ (ఓవర్‌టైమ్, అంటే అదనపు పనివేళల) లెక్కలు, జీతం స్లిప్పులు పక్కపక్కన పెట్టుకుని సరిచూడటం మా పని. ఉద్యోగికి రావాల్సిన డబ్బు ఎవరో కావాలని కాజేయడం వల్లనే పోదు. లెక్క వేసే పద్ధతిలోనే, ఎవరి కంటా పడకుండా కూడా పోతుంది. అందుకే ఈ లేఖలో మేం ఎవరి నిజాయితీనీ శంకించడం లేదు. అడిగేది ఒక్కటే. వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ హాజరు మెషీన్‌లో నమోదయ్యే సమయాన్ని, అంటే పంచ్‌ను, పడినట్టే ఉంచండి. రౌండింగ్ కానివ్వండి, బ్రేక్ కోత కానివ్వండి, గ్రేస్ టైమ్ (ఆలస్యంగా లెక్కపెట్టకుండా వదిలే కొద్ది నిమిషాలు) కానివ్వండి, ఏదైనా ఆ పంచ్ మీద నడిచే లెక్కగానే ఉండాలి. ఆ లెక్క ఉద్యోగి కంటికి కనబడాలి. పంచ్‌నే దిద్దేసి, దిద్దిన అంకెను అసలు రికార్డుగా చూపించే సిస్టమ్‌లో తప్పు జరిగినా పట్టుకునే దారే ఉండదు.

ముందు పంచ్‌ల జతల సంగతి. చాలా సాఫ్ట్‌వేర్లు రోజులో పడిన పంచ్‌లను వరుసగా తీసుకుని, మొదటిది లోపలికి, రెండోది బయటికి, మూడోది మళ్లీ లోపలికి అని జతలు కట్టేస్తాయి. వేలు సరిగా పడిందో లేదోనని ఎవరైనా రెండోసారి పెడితే ఆ రోజు వరుసంతా తలకిందులు. ఒక ఉద్యోగికి 8:58, 8:59, 13:00, 13:31, 18:02 అని ఐదు పంచ్‌లు పడ్డాయనుకోండి. సాఫ్ట్‌వేర్ 8:58 నుంచి 8:59 వరకు ఒక నిమిషం, 13:00 నుంచి 13:31 వరకు 31 నిమిషాలు పని చేసినట్టు, 18:02కు జత లేనట్టు తేలుస్తుంది. అంటే రోజంతా పని చేసిన మనిషికి 32 నిమిషాల డ్యూటీ, పైగా భోజనం చేసిన సమయమే పని కింద! అసలు లెక్క 8:58 నుంచి 13:00 వరకు 4 గంటల 2 నిమిషాలు, 13:31 నుంచి 18:02 వరకు 4 గంటల 31 నిమిషాలు, మొత్తం 8 గంటల 33 నిమిషాలు.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. ఒకే మెషీన్‌లో రెండు మూడు నిమిషాల లోపు పడిన రెండో పంచ్‌ను రికార్డులో ఉంచి, నకలు అని గుర్తు పెట్టి, జతల్లో కలపకుండా వదిలేయాలి. ఆ తర్వాత కూడా పంచ్‌ల సంఖ్య బేసిగా తేలితే ఆ రోజు లెక్కను ముగించకూడదు. ఆబ్సెంట్ అనో, హాఫ్ డే అనో సిస్టమ్ తనంతట తాను తీర్పు చెప్పేయకుండా, అదే రోజు ఉద్యోగికీ సూపర్‌వైజర్‌కూ మెసేజ్ పంపాలి. నెలాఖరున అడిగితే మూడు వారాల కిందట ఏ పూట ఎప్పుడు బయటికెళ్లారో ఎవరికి గుర్తుంటుంది? కొన్నిచోట్ల ఈ తలనొప్పంతా ఎందుకని మొదటి పంచ్, చివరి పంచ్ మాత్రమే తీసుకుని మధ్యలో ఒక గంట కోసేస్తారు. పై ఉదాహరణలో 9 గంటల 4 నిమిషాల్లోంచి గంట తీస్తే 8 గంటల 4 నిమిషాలు మిగులుతుంది. 31 నిమిషాల విరామానికి 60 నిమిషాలు పోయాయి.

ఒకటికి మించి మెషీన్లు ఉన్నచోట వాటి గడియారాలన్నీ ఒకే నెట్‌వర్క్ టైమ్‌కు కట్టి ఉన్నాయో లేదో చూడండి. లోపలికి వచ్చే గేటు గడియారం మూడు నిమిషాలు ముందు, బయటికి వెళ్లే గేటుది మూడు నిమిషాలు వెనక ఉంటే రోజుకు ఆరు నిమిషాలు తేడా. అది ఎవరికి లాభమో ఏ గడియారం ఎటు జరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. సరిచూసేవారికి మాత్రం రికార్డులో ఏ ఆనవాలూ దొరకదు.

ఇక గంటల్ని దశాంశాల్లోకి మార్చడం. 8 గంటల 45 నిమిషాలను 8.45 అని రాసి రేటుతో గుణించడం ఇప్పటికీ జరుగుతోంది. 45 నిమిషాలంటే 0.75 గంట, కాబట్టి రాయాల్సింది 8.75. తేడా 0.30 గంట, అంటే 18 నిమిషాలు. వారానికి ఐదు రోజులు ఇదే తప్పు పడితే గంటన్నర గల్లంతు. ఎక్సెల్ వాడేవారికి ఇంకో రెండు గుంటలున్నాయి. ఎక్సెల్‌కు కాలమంటే రోజులో ఒక భాగం, 12 గంటలను అది 0.5గా దాచుకుంటుంది. అందుకని సమయాన్ని 24తో గుణించాకే గంట రేటుతో గుణించాలి. రెండోది, వారం మొత్తం 40 గంటల 30 నిమిషాలు వచ్చినా మామూలు టైమ్ ఫార్మాట్‌లో సెల్ 16:30 అనే చూపిస్తుంది, ఎందుకంటే 24 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఫార్మాట్‌లో గంటల గుర్తును చదరపు బ్రాకెట్లలో పెడితే 40:30 కనిపిస్తుంది. అన్నిటికంటే మంచిది, లోపల లెక్కంతా పూర్తి నిమిషాల్లో నడిపి, చివర్లో ఒక్కసారే 60తో భాగించడం.

రౌండింగ్ దగ్గర కాస్త నిలవాలి. మా దృష్టిలో ఎక్కువ నష్టం ఇక్కడే, ఎక్కువ అమాయకంగా కనిపించేదీ ఇదే. దగ్గరి పావుగంటకు రౌండ్ చేసే పద్ధతిలో 7 నిమిషాల వరకు కిందికి, 8 నుంచి పైకి జరుపుతారు. కాగితం మీద ఇది ఎవరి పక్షమూ కాదు. ఒకరోజు ఉద్యోగికి కలిసొస్తుంది, ఇంకోరోజు యాజమాన్యానికి, చివరికి చెల్లుకు చెల్లు. అమెరికా ఫెడరల్ నిబంధనలు రౌండింగ్‌ను ఒప్పుకున్నది కూడా కాలక్రమంలో చేసిన పనికంతా డబ్బు ముడుతుందన్న షరతు మీదే. కానీ అదే సంస్థలో లేట్ మార్క్ రూల్ ఉంటే? 9:01కి వస్తే లేట్, 17:59కి వెళ్తే ముందే వెళ్లినట్టు. దాంతో అందరూ కాస్త ముందే వస్తారు, కాస్త ఆగే వెళ్తారు. 8:53కు వచ్చినా 9:00, 18:07కు వెళ్లినా 18:00. రోజుకు 14 నిమిషాలు, ఐదు రోజుల వారానికి 70 నిమిషాలు, 50 వారాలకు 58 గంటల 20 నిమిషాలు. ఏడు రోజులకు పైగా డ్యూటీ అది. రౌండింగ్ రూల్ సమంగానే ఉంది. పక్కన ఉన్న క్రమశిక్షణ రూల్ దాన్ని ఒక పక్కకు ఒరిగేలా చేసింది. ఈ రెండూ వేర్వేరు టేబుళ్ల మీద తయారవుతాయి కాబట్టి కలిపి చూసేవారుండరు.

మీ రౌండింగ్ ఎటు ఒరిగిందో తెలుసుకోవడానికి ఆడిటర్ అక్కర్లేదు. మూడు నెలల డేటాలో ఒక్కో ఉద్యోగికీ అసలు నిమిషాల్లోంచి రౌండ్ చేసిన నిమిషాలు తీసేసి మొత్తం వేయండి. కొందరికి ప్లస్, కొందరికి మైనస్ వస్తే సరే. దాదాపు అందరికీ ఒకే గుర్తు వస్తే ఆ రూల్‌ను తీసేయండి. నిమిషం నిమిషం మెషీన్లే రాసిపెడుతున్నప్పుడు రౌండింగ్‌తో పని కూడా లేదు. కార్డు మీద అచ్చు పడిన టైమ్‌ను గుమాస్తా చేత్తో కూడే కాలానికి అది అవసరం. భోజన విరామం పంచ్‌లను రౌండ్ చేయడం కుదరదని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2021లో తేల్చింది. 30 నిమిషాల విరామంలో ఐదు నిమిషాలు కోత పడటమంటే విరామంలో ఆరో వంతు పోయినట్టే. జపాన్ పద్ధతి మాకు ఇంకా సూటిగా అనిపిస్తుంది. అక్కడ నెల మొత్తం ఓటీ మీద మాత్రం అరగంట లోపు వదిలేసి, అరగంట, ఆపైన ఉంటే పూర్తి గంట చేయడానికి వీలుంది. ఏ రోజుకారోజు చిల్లర నిమిషాలు వదిలేయడానికి వీల్లేదు.

బ్రేకుల విషయంలో మూడు ప్రశ్నలను కలిపేయకండి. విరామం ఇవ్వాలా, దానికి జీతం ఉందా, నిజంగా తీసుకున్నారా అన్నవి వేర్వేరు. మొదటిదానికి చట్టం జవాబు చెబుతుంది. ఐరోపా సమాఖ్య 2003 నాటి పనివేళల ఆదేశం రోజుకు ఆరు గంటలు దాటితే విరామం ఉండాలంటుంది. భారతదేశపు 1948 ఫ్యాక్టరీల చట్టం కనీసం అరగంట విశ్రాంతి లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించరాదంది. రెండోదానికి అమెరికా ఫెడరల్ నిబంధనలు మంచి గీత గీశాయి. 5 నుంచి 20 నిమిషాల చిన్న బ్రేకులు పనివేళల్లో భాగమే, జీతం ఇవ్వాలి. 30 నిమిషాలు, ఆపైన ఉండే భోజన విరామానికి జీతం అక్కర్లేదు, అయితే ఆ సేపు మనిషికి పని నుంచి పూర్తిగా విడుదల ఉండాలి. ఫోన్ దగ్గరే కూర్చుని తింటూ కాల్స్ ఎత్తితే అది విరామం కాదు.

మూడో ప్రశ్నకు సిస్టమ్ ఇచ్చే జవాబు ఆటో కోత. తీసుకున్నా తీసుకోకపోయినా 30 నిమిషాలు కొట్టేయడమే. అందులో ఒక చిత్రమైన లోపం ఉంది. ఆరు గంటలు దాటితే 30 నిమిషాలు కోయమని రూల్ పెట్టారనుకోండి. సరిగ్గా 6 గంటలు చేసిన వ్యక్తికి 6 గంటల జీతం. ఇంకో పది నిమిషాలు ఉండి 6 గంటల 10 నిమిషాలు చేసిన వ్యక్తికి 5 గంటల 40 నిమిషాల జీతం. ఎక్కువ చేసినవారికి తక్కువ! మీ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి మెట్టు ఉందో లేదో ఈ రెండు అంకెలు వేసి చూస్తే చాలు. విరామం పంచ్ పడితే పడినన్ని నిమిషాలే తీయాలి. పంచ్ లేకపోతే కోయకుండా, తీసుకున్నారా లేదా అని ఉద్యోగిని అడగాలి. తీసుకోలేదని చెబితే ఆ సమయానికి జీతం కట్టి, విరామం ఎందుకు దొరకలేదో సూపర్‌వైజర్‌ను అడగాలి. నిజానికి సూపర్‌వైజర్‌ను అడగాల్సిన ఆ ప్రశ్న రాకుండా చేయడమే ఆటో కోత చేసే పెద్ద నష్టం. ఏ లైనులో, ఏ వార్డులో, ఏ కౌంటర్‌లో మనుషులు చాలక విరామాలు దొరకడం లేదో రికార్డు చూసి ఎవరూ చెప్పలేరు.

రాత్రి షిఫ్టుల గురించి మూడు మాటలు. 22:00కు వచ్చి 6:00కు వెళ్తే, వెళ్లిన టైమ్ లోంచి వచ్చిన టైమ్ తీస్తే మైనస్ 16 వస్తుంది. తేదీతో సహా దాచుకుంటే ఈ గొడవే ఉండదు. వట్టి టైమే ఉంటే మైనస్ వచ్చినప్పుడు 24 గంటలు కలపాలి, ఎక్సెల్‌లో మాడ్ ఫంక్షన్ చేసేది అదే. ఆ ఎనిమిది గంటలు ఏ తేదీకి చెందుతాయన్నది రెండోది. షిఫ్ట్ మొదలైన రోజుకు మొత్తం కట్టడం ఒక పద్ధతి, అర్ధరాత్రి దగ్గర కోయడం ఇంకోటి. రెండూ చెల్లుతాయి, కానీ సెలవు రోజు రేటుకు ఒకటి, రోజువారీ ఓటీకి మరొకటి వాడితే అదే గంట ఒకచోట మాయమై ఇంకోచోట రెండుసార్లు తేలుతుంది. మూడోది గడియారాలను ముందుకూ వెనక్కూ జరిపే దేశాలకు. వసంతంలో ముందుకు జరిపే రాత్రి 22:00 నుంచి 6:00 వరకు గడిచేది 7 గంటలే, శరదృతువులో వెనక్కి జరిపే రాత్రి 9 గంటలు. లోపల సార్వత్రిక కాలమానంలో (యూటీసీ) దాచి, చూపేటప్పుడు మాత్రం స్థానిక సమయంలోకి మార్చండి.

ఓటీ దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న, హద్దు రోజుదా, వారానిదా, రెండూనా? 1919 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి ఒడంబడిక రోజుకు 8, వారానికి 48 గంటలు పెట్టి, ఓటీకి కనీసం ఒకటింబావు రేటు అంది. అమెరికా 1938 చట్టం ప్రకారం వారానికి 40 దాటితే ఒకటిన్నర. భారతదేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం పెట్టిన రెట్టింపు రేటు, దాని స్థానంలో వచ్చిన 2020 వృత్తిభద్రత కోడ్‌లోనూ అలాగే ఉంది. జపాన్‌లో పావు వంతు అదనం, నెలలో 60 గంటలు దాటిన ఓటీకి సగం అదనం.

రోజు హద్దు, వారం హద్దు రెండూ ఉన్నచోట ఒకే గంటను రెండుసార్లు లెక్కపెట్టడం, లేదా భయపడి ఒకసారి కూడా పెట్టకపోవడం రెండూ చూస్తాం. రోజుకు 8, వారానికి 40 అనుకుందాం. ఆరు రోజుల్లో 10, 10, 8, 8, 8, 6 గంటలు చేశారు. ముందు రోజువారీ ఓటీ తీయండి, 2 ప్లస్ 2, మొత్తం 4. మిగిలిన మామూలు గంటలు 46. అందులో 40 దాటినవి 6. మొత్తం ఓటీ 10. వారంలో 50 చేశారు కాబట్టి వారం ఓటీ 10, రోజు ఓటీ 4, కలిపి 14 అంటే తప్పు. ఇంకో వారం 12, 12, 4, 8, 8. మొత్తం 44, వారం హద్దు దాటినవి 4. రోజు హద్దు దాటినవి 8. మామూలు గంటలు 36 కాబట్టి వారం కింద ఇంకేమీ రాదు, ఓటీ 8. సరిచూడటానికి సులువైన సూత్రం ఇది. రోజువారీ ఓటీ మొత్తం, వారం హద్దు దాటిన మొత్తం, ఈ రెంటిలో ఏది పెద్దదైతే అదే జవాబు. రెండు హద్దులకూ ఒకే రేటు ఉన్నంతవరకు ఎప్పుడూ ఇంతే. రేట్లు వేరైతే ఏ గంట ఏ కుండలో పడిందో విడిగా రాసుకోవాల్సిందే.

జీతం రెండు వారాలకోసారి ఇస్తున్నారు కదా అని రెండు వారాలనూ కలిపేయకండి. వారం లెక్కన ఓటీ ఉన్నచోట 50, 30 చేస్తే ఓటీ 10, సున్నా కాదు. వారం ఏ రోజు ఏ గంటకు మొదలవుతుందో ముందే రాసిపెట్టండి. ఓటీ వచ్చిన వారం చూసుకుని ఆ మొదలును జరపడం లెక్క కాదు, గారడీ. సెలవు గంటలకు జీతం ఉన్నా అవి వారం హద్దులోకి చేరతాయో లేదో మీ చట్టం, మీ ఒప్పందం చూసి ఒక్క వాక్యంలో పాలసీలో రాయండి.

ఇప్పుడు రేటు. గంటలు సరిగ్గా వేసి రేటు దగ్గర పోగొట్టేవారు ఎక్కువ. నెల జీతం 24,000 యూనిట్లు అనుకుందాం. 30 రోజులు, 8 గంటలతో 240 చేసి భాగిస్తే గంటకు 100. 26 రోజులతో 208 చేస్తే 115.38. వారానికి 40 గంటలు, ఏడాదికి 52 వారాలు, 12 నెలలు అంటే నెలకు 173.33 గంటలు, అప్పుడు 138.46. జీతం అదే, గంట విలువలో 38 శాతానికి పైగా తేడా! 30తో భాగించడమంటే వీక్లీ ఆఫ్‌లలో కూడా 8 గంటలు పని చేసినట్టు లెక్కపెట్టడం. మాకు అసలు అభ్యంతరం ఇంకోటి. ఓటీ ఇచ్చేటప్పుడు 30తో, లాస్ ఆఫ్ పే కోసేటప్పుడు 26తో భాగించే చోట్లు ఉన్నాయి. ఒక రోజు రాకపోతే 923.08 పోతుంది, అదే ఎనిమిది గంటల ఓటీకి మూల విలువ 800. ఏ భాజకమైనా ఎంచుకోండి, రెండువైపులా అదే వాడండి.

ఓటీని బేసిక్ (మూల వేతనం) మీద మాత్రమే కట్టడం మరో పాత అలవాటు. ఏది కలవాలో చట్టాన్ని బట్టి మారుతుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం నిర్వచనంలో బేసిక్‌తో పాటు అలవెన్సులు కలిసేవి, బోనస్ కలిసేది కాదు. అమెరికాలో ముందే ఒప్పుకున్న ఉత్పత్తి బోనస్ కూడా కలుస్తుంది. గంటకు 100 చొప్పున 50 గంటలు, ఆ వారం ఉత్పత్తి బోనస్ 500. మొత్తం 5,500ను 50తో భాగిస్తే అసలు రేటు 110. ఓటీ 10 గంటలకు ఒక వంతు ఈ మొత్తంలో ఇప్పటికే ఉంది కాబట్టి అదనపు సగం, 55 చొప్పున 550 కలిపితే 6,050. బోనస్‌ను పక్కనపెట్టి 4,000, 1,500, 500 అని కూడితే 6,000. చాలామంది వేసేది తప్పైన ఈ రెండో లెక్కే. పైసల రౌండింగ్ కూడా గంట రేటు దగ్గర చేయకండి, చివరి మొత్తం మీద ఒక్కసారే.

రికార్డుల సంగతికి వస్తే, దిద్దుబాటు లేని టైమ్‌షీట్ ఉండదు. పంచ్ మర్చిపోతారు, కరెంటు పోతుంది, బయట డ్యూటీ ఉంటుంది. దిద్దండి, కానీ పాత విలువ, కొత్త విలువ, దిద్దినవారు, దిద్దిన సమయం, కారణం ఈ ఐదూ నిలవాలి, పాతది చెరగకూడదు. ఐరోపా న్యాయస్థానం 2019 మేలో ప్రతి ఉద్యోగి రోజువారీ పనివేళను నిష్పాక్షికంగా, నమ్మదగినట్టుగా, అందుబాటులో ఉండేలా కొలిచే వ్యవస్థను యాజమాన్యాలతో పెట్టించాలని చెప్పింది. రికార్డు లేకపోవడం యాజమాన్యానికి రక్షణ అనుకునేవారికి ఇంకా పాత తీర్పు ఒకటుంది. 1946లో అమెరికా సుప్రీంకోర్టు, యజమాని సరైన రికార్డు ఉంచనప్పుడు ఉద్యోగి చూపే సహేతుకమైన అంచనా చాలని, దాన్ని తప్పని చూపాల్సింది యజమానేనని తేల్చింది. శుభ్రంగా ఉంచిన పంచ్ ఉద్యోగికి ఎంత అండో మీకూ అంతే.

చివరగా జీతం స్లిప్పు. అందులో ‘ఓటీ’ అని ఒకే అంకె వేసి వదిలేయకండి. ఏ తేదీన ఎన్ని నిమిషాలు, ఏ హద్దు దాటినందుకు, ఏ రేటుకు, ఆ రేటు ఎలా వచ్చింది, ఎన్ని నిమిషాలు విరామం కింద పోయాయి, ఏ పంచ్‌లు దిద్దారు అన్నవి ఒక అనుబంధ పేజీలో ఇవ్వండి. జీతం పడకముందే, లెక్క మూసే తేదీకి కనీసం మూడు రోజుల ముందు, ఆ పేజీ ఉద్యోగి ఫోన్‌లో కనబడేలా పెట్టండి. అభ్యంతరం చెప్పడానికి ఒక బటన్, దానికి జవాబిచ్చే ఒక మనిషి, ఆ జవాబుకు ఒక గడువు ఉండాలి. మీ సాఫ్ట్‌వేర్‌లో ఇవేవీ లేకపోతే తయారీదారును అడగండి. తయారీదారులు మీరే అయితే, తర్వాతి వెర్షన్‌లో కొత్త డ్యాష్‌బోర్డు కంటే ముందు ఈ పేజీ రావాలని మా విన్నపం.

ఇట్లు,
టైమ్‌షీట్లు, జీతం లెక్కలు సరిచూసే ఉద్యోగులం